గుడ్లలో ఆగిన తోకలు

సొరచేప అనగానే జనం నోరూ పళ్ళూ ఊహించుకుని వస్తారు. టిక్కెట్టు చింపించుకుని, చంటిపిల్లల్ని భుజాలకెక్కించుకుని చేపల ప్రదర్శనశాలలోని ఆ తక్కువ లోతు తొట్టి దగ్గరికి వచ్చి చూస్తే, అడుగున మూరెడు పొడవున్న చారల చేపలు నాలుగు ఇసుకకి కడుపానించి పడుకుని ఉంటాయి. "ఇదేనా సొర? సొరకాయైనా తీగ మీద ఊగుతుంది, దీనికి అదీ లేదు" అని మొహం మీదే అనేసి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. వెచ్చటి సముద్రాల ఒడ్డున, మోకాలి లోతు నీళ్ళలో, రాళ్ళ సందుల్లో బతికే జాతి అది. ఈదడం కన్నా రెక్కల మీద పాకడమే దానికి ఇష్టం. ఎవరి జోలికీ పోదు. అందుకే పిల్లలు చేత్తో తాకి చూసే తొట్టిలో వాటిని వదిలారు. వచ్చిపోయేవాళ్ళకి అవి నేలబారు సొరలు, గుడ్లక్కకి మాత్రం సొంత పిల్లలతో సమానం.

గుడ్లక్క అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. తొమ్మిదేళ్ళుగా ఆ చేపల ప్రదర్శనశాలలో సొరల గుడ్లు చూసుకునేది ఆమే. కోడిగుడ్డులా ఉంటుందనుకునేరు. అరచేయంత పొడవున, గోధుమరంగులో, పాత తోలుసంచిలా ఉంటుంది ఆ గుడ్డు. తల్లి పెట్టగానే దాన్ని తీసి, తొట్టి వెనక గదిలో ఉన్న గాజుపెట్టెలో నైలాను దారంతో వేలాడదీసి, వెనకాల చిన్న దీపం పెడుతుంది. ఆ వెలుగులో లోపలి పిల్ల కనిపిస్తుంది. వేలెడంత ఒళ్ళు, పక్కన సొన ముద్ద, క్షణం ఆగకుండా ఊగే తోక. ఆ తోక ఊగితేనే గుడ్డు లోపలికి కొత్త నీరు వచ్చి పిల్లకి ఊపిరాడుతుంది. పొద్దున్నే వచ్చి, మోచేతులదాకా రబ్బరు తొడుగులూ మోకాళ్ళదాకా రబ్బరు బూట్లూ వేసుకుని, ఊగుతున్న తోకలు లెక్కపెట్టుకున్నాకే ఆమెకి టీ దిగేది.

ఆ తొడుగులూ బూట్లూ అక్కడ పనిచేసేవాళ్ళందరికీ ఒంటికి అంటుకుపోయినవే. ఉప్పునీళ్ళలో రోజంతా నానితే చర్మం పగిలి పుళ్ళు పడతాయి. ఒట్టి చేత్తో నీళ్ళు ముట్టుకునేది చూడ్డానికొచ్చినవాళ్ళే తప్ప పనివాళ్ళెవరూ కాదు.

ఆమెకి పని నేర్పిన పెద్దాయన రిటైరై వెళ్ళిపోయే ముందు ఒక మాట చెప్పాడు. "తోక ఆగితే పిల్ల చచ్చిపోయిందనుకోకమ్మా. ముందు వెనక్కి తిరిగి చూడు. ఏ చేప ఒంట్లోనైనా రవ్వంత కరెంటు ఉంటుంది. పెద్ద చేప దగ్గరికొస్తే గుడ్డులో పిల్లకి ఆ సంగతి తెలిసిపోతుంది. ఊపిరి బిగబట్టి కట్టెలా అయిపోతుంది. తనెక్కడుందో ఎవరూ కనిపెట్టకూడదని."

"కళ్ళైనా సరిగ్గా తెరవని పిల్లకి ఎలా తెలుస్తుందండీ?"

"ఎలా తెలుస్తుందో దాన్నే అడుగు. నువ్వు చెయ్యాల్సింది దాన్ని నమ్మడం ఒక్కటే."

ఆ శుక్రవారం పొద్దున ఇరవై రెండు గుడ్లలో ఇరవై రెండు తోకలూ ఒక్కసారిగా ఆగిపోయాయి.

గుడ్లక్క పెద్దాయన చెప్పినట్టే వెనక్కి తిరిగి చూసింది. గోడ, చీపురు, బకెట్టు తప్ప ఏమీ లేవు. ఆ గాజుపెట్టెలో పెద్ద చేప కాదు కదా, చిన్న చేప కూడా ఉండదు. చాలాసేపటికి ఒక తోక భయంభయంగా కదిలింది. తర్వాత ఇంకోటి. హమ్మయ్య అనుకుని తుడుపుగుడ్డ అందుకుంది. కాసేపటికి మళ్ళీ అన్నీ బిగుసుకుపోయాయి. ఈసారి ఆమె గడియారం చూసింది. కళ్ళల్లో వత్తులు వేసుకుని మధ్యాహ్నందాకా చూస్తూనే ఉంది. పక్క హాల్లో తాకే తొట్టి కింద ఉన్న పంపు ఇరవై నిమిషాలు నడుస్తుంది, పది నిమిషాలు ఆగుతుంది. అది గుర్రుమని మొదలైన ప్రతిసారీ పిల్లలు ఊపిరి బిగబడుతున్నాయి. తొట్టిలో నీరే గొట్టంలోంచి గాజుపెట్టెలోకి వస్తుంది, రెండూ ఒకటే నీరు. వెళ్ళి తొట్టిలోకి తొంగిచూసింది. నాలుగు పెద్ద సొరలూ పంపుకి దూరంగా ఉన్న మూలలో, ఒకదాని మీద ఒకటి ఎక్కి కుప్పగా పడున్నాయి. వేసిన రొయ్యలు వేసినచోటే తేలుతున్నాయి.

ఆ హాలు వారం నుంచీ మూసే ఉంది. తొట్టి చుట్టూ కొత్త పలకలు పరిచారు. పిల్లలు పట్టుకుని వంగడానికి వీలుగా స్టీలు కమ్మీ బిగిస్తున్నారు. వచ్చే గురువారం మళ్ళీ తెరుస్తారు. మొట్టమొదట వచ్చేది గుడ్లక్క కూతురి తరగతి, పద్దెనిమిది మంది రెండో క్లాసు పిల్లలు. పాపకి నెల రోజులుగా అదే ధ్యాస. సొరలు మా అమ్మవేనని, కావాలంటే ముద్దు కూడా పెట్టుకోవచ్చని బడంతా చాటింపు వేసింది.

నీళ్ళలో ఉన్నది ఏ చేపా కాదు, పంపులోంచి కారుతున్న కరెంటు అన్న అనుమానం గుడ్లక్కకి ఆ మధ్యాహ్నమే వచ్చింది. అనుమానం వచ్చాక పరుగెత్తాల్సింది మేనేజరు గదికి. ఆమె పరుగెత్తలేదు. ఎందుకంటే ఆ పంపు చూసుకునేది ఆమె తమ్ముడు.

తమ్ముణ్ణి అక్కడ అందరూ ఫ్యూజు అంటారు. చూడబోతే ఆ శాలలో పేరు పెట్టి పిలిపించుకునేది మేనేజరు ఒక్కడేనేమో, అదీ ఎదురుగా ఉన్నప్పుడు. రెండేళ్ళు పని లేక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న వాణ్ణి ఆమే తీసుకొచ్చింది. "పూచీ నాది" అని మేనేజరుకి మాటిచ్చి మరీ పెట్టించింది. మంచివాడే. చెయ్యి తిరిగినవాడే. మేనకోడలంటే ప్రాణం, భుజం మీంచి దించడు. కానీ పోయిన నెలలో, ఎక్కడ కాస్త కరెంటు కారినా సరఫరా ఆపేసే బ్రేకరు, అందరూ భోజనాలకి వెళ్ళిన వేళ పడిపోయింది. పంపులు ఆగి, గాలి అందక, పక్క తొట్టిలో ఏడు చేపలు వెల్లకిలా తేలాయి. "ఇంకొక్కసారి పంపు ఆగిందా, నువ్వు కూడా ఇంట్లో ఆగిపోదువుగాని" అన్నాడు మేనేజరు. ఆ తర్వాత బ్రేకరు ఒక్కసారి కూడా పడలేదు. ఎందుకు పడలేదని ఎవరూ అడగలేదు. పడనందుకు అందరూ సంతోషించారు.

గుడ్లక్క పంపుగదికి వెళ్ళి తమ్ముణ్ణి నిలబెట్టి అడిగింది. "ఒరేయ్, నీళ్ళలోకి కరెంటేమైనా వస్తోందా?"

"ఎవరు చెప్పారు?"

"నా గుడ్లు చెప్పాయి."

వాడు నవ్వాడు. "గుడ్లు నాకూ చెప్తాయక్కా, పొద్దున ఉడకబెట్టుకునేటప్పుడు."

"ఎకసెక్కాలు ఆపు. పంపు మొదలైతే పిల్లలు కదలడం మానేస్తున్నాయి. ఆ బ్రేకరు సరిగ్గానే ఉందా?"

వాడు బ్రేకరు మాట వదిలేసి పంపు సంగతి ఎత్తుకున్నాడు. పాత వైరు మార్చేశానన్నాడు. కొత్త పంపు కావాలని రాసిచ్చాననీ, అది దారిలో ఉందనీ అన్నాడు. అక్క మొహంలో నమ్మకం కనిపించకపోయేసరికి జేబులోంచి టెస్టరు తీశాడు. కరెంటు తగిలితే పిడిలో చిన్న దీపం వెలిగే స్క్రూడ్రైవరు అది. ఆమెని హాల్లోకి తీసుకెళ్ళి, పంపు నడుస్తుండగానే తొట్టి మీదకి వంగి, టెస్టరు మొన నీళ్ళలో ముంచాడు. ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. దీపం వెలగలేదు.

"చూశావా? కరెంటే ఉంటే ఈపాటికి మిణుగురులా మెరవాలి. పాప మీద ఒట్టు, నీళ్ళలో ఏమీ లేదు. సొరలకి కొత్త పలకల వాసన పడలేదేమో."

పాప మీద ఒట్టు అన్నాక ఇంకేం అడుగుతుంది? భారం దిగినట్టే అనిపించింది. గుడ్ల గదిలోకి తిరిగి వచ్చేసరికి ఇరవై రెండు తోకలూ ఆగి ఉన్నాయి. దిగిన భారం మళ్ళీ ఎక్కి కూర్చుంది.

శని, ఆది అలాగే గడిచాయి. సోమవారం ఒక పిల్ల తోక ఆగింది, పంపు ఆగినా మళ్ళీ కదల్లేదు. మంగళవారం మరో రెండు. ఊపిరి బిగబట్టి బిగబట్టి అలిసిపోయాయి. వాటిని దారం తెంపి తీస్తున్నప్పుడు గుడ్లక్కకి ఏడుపొచ్చింది. రోజువారీ పుస్తకంలో "కారణం తెలియదు" అని రాసింది. తెలియదని రాయడానికి కలం ఎంత బరువెక్కిందో ఆమెకే ఎరుక. ఆ సాయంత్రం మేనేజరు పుస్తకం తిరగేసి, "ఏమ్మా, మూడు పోయాయేం?" అని అడిగాడు. నోటిదాకా వచ్చింది. తమ్ముడు మళ్ళీ ఇంట్లో గోడకి చేరబడి కూర్చోవడం కళ్ళముందు కనబడింది. పైగా టెస్టరు వెలగలేదు కదా, కళ్ళారా చూసింది కదా. "నలతగా ఉన్న గుడ్లేనండీ" అనేసి నోరు కుట్టేసుకుంది.

బుధవారం సాయంత్రం కూతురికి జడ విప్పుతూ, ఏమీ ఎరగనట్టు అడిగింది. "రేపు బడి మానేస్తావా? మనిద్దరం ఎటైనా వెళ్దాం."

పాప తల గభాల్న తిప్పింది. "రేపు సొరలు కదా."

"ఇంకోసారి చూపిస్తాలే."

"అందరూ వెళ్తారు, నేనొక్కదాన్నే వెళ్ళనా?"

అందరూ అన్న మాట గుడ్లక్క చెంప మీద కొట్టినట్టే తగిలింది. తన పిల్లని ఇంట్లో దాచుకుని మిగిలిన పదిహేడు మందినీ ఆ నీళ్ళకి వదిలేద్దామనుకుంది తను. సిగ్గేసింది. నిజంగా ప్రమాదం ఉందనుకుంటే అందరికీ చెప్పాలి, లేదనుకుంటే పాపని పంపాలి. లేదనుకోవడమే సుఖంగా ఉంది. జడ విప్పడం పూర్తిచేసి, దువ్వెన కడిగి, లేదనే అనుకుంది.

గురువారం పదిగంటలకి పిల్లల బస్సు వస్తుందన్నారు. తొమ్మిదిన్నరకి గుడ్ల గదిలో పంతొమ్మిది తోకలు పంపు నడిస్తే ఆగుతూ, పంపు ఆగితే కదులుతూ ఉన్నాయి. కమ్మీ బిగించిన వెల్డరు ఆఖరి మరలు పూర్తిచేసుకుని, తన మిషను తగిలించడానికి ఆ గదిలోకే వచ్చాడు. గోడ మీద ప్లగ్గు ఉంది. అందులో కరెంటు ఉందో లేదో చూడ్డానికి టెస్టరు తీసి, ముందు పళ్ళతో లాగి కుడిచేతి తొడుగు ఊడదీశాడు.

"తొడుగెందుకయ్యా తీయడం?" అంది గుడ్లక్క, ఏదో ఒకటి మాట్లాడాలని.

"తియ్యకపోతే ఎలాగమ్మా? పిడి చివర ఒట్టి వేలు ఆనితేనే కదా దీపం వెలిగేది. కరెంటు మన ఒంట్లోంచి నేలకి పోవాలి. రబ్బరు తొడుక్కుని ముట్టుకుంటే వెయ్యి ఓల్టులున్నా వెలిగి చావదు." ప్లగ్గులో టెస్టరు గుచ్చి బొటనవేలు ఆనించాడు. ఎర్రటి దీపం వెలిగింది.

గుడ్లక్క ఆ దీపం వైపు చూస్తూ ఉండిపోయింది. తమ్ముడు తొట్టి మీదకి వంగిన రోజు చేతికి మోచేతిదాకా తొడుగుంది, కాళ్ళకి బూట్లున్నాయి. అలవాటులో మర్చిపోయాడు పిచ్చి వెధవ, అనుకుంది. తొమ్మిదేళ్ళుగా తొడుగుల్లోనే బతుకుతున్న తనకీ తట్టలేదు. వాడికీ తట్టలేదు. అందరం ఆ తొడుగుల్లో ఉండి నీళ్ళు మంచివే అనుకున్నాం.

"ఆ కమ్మీ పట్టుకుని నీళ్ళలో చెయ్యి పెడితే ఏమవుతుంది?" అంది గుడ్లక్క. "నీళ్ళలో కరెంటు ఉంటే."

వెల్డరు తేలిగ్గానే చెప్పాడు. "కమ్మీ నేలలోకి దిగేసి ఉంది కదమ్మా. ఒక చెయ్యి నీళ్ళలో, ఒక చెయ్యి కమ్మీ మీద అంటే మధ్యలో గుండె. పెద్దవాళ్ళయినా తట్టుకోవడం కష్టం." అప్పుడే ఆమె మొహం చూసి, "ఏమైందమ్మా?" అన్నాడు.

హాల్లోంచి పిల్లల సందడి వినపడింది. బస్సు ముందే వచ్చేసింది.

గుడ్లక్క బూట్లతోనే పరుగెత్తింది. ఆ గదికీ హాలుకీ మధ్య సన్నటి నడవా, అందులో అడ్డంగా పలకల పెట్టెలు. ఒకటి దాటి ఇంకోటి తన్నుకుని, గుమ్మందాకా వచ్చేసరికి తొట్టి చుట్టూ పిల్లలు గుండ్రంగా నిలబడిపోయి ఉన్నారు. చేతులు అప్పుడే సబ్బుతో కడుక్కుని వచ్చారు, నీళ్ళు కారుతున్నాయి. కొత్త పలకల మీద చెమ్మ పాకింది. చొక్కాలు తడవకుండా కమ్మీని ఒక చేత్తో పట్టుకోమని మేనేజరు నేర్పుతున్నాడు. "ఎడమ చెయ్యి కమ్మీ మీద, కుడి చెయ్యి మెల్లగా నీళ్ళలో. భయపడకండి, ఇవి ఏమీ చెయ్యవు." పాప మొదటి వరసలో, అందరికన్నా ముందుంది. తొట్టి కింద పంపు గుర్రుమంటోంది. మూలలో నాలుగు సొరలూ ఒకదాని కింద ఒకటి దూరాలని పెనుగులాడుతున్నాయి.

"అవి ఎందుకలా కొట్టుకుంటున్నాయి?" అని అడిగింది కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల ఒకతి.

"మిమ్మల్ని చూసి సిగ్గుపడుతున్నాయి" అన్నాడు మేనేజరు. పిల్లలు నవ్వారు.

తమ్ముడు అక్కడే ఉన్నాడు. స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, పాప వీపు వైపే చూస్తున్నాడు. వాడు తనని చూస్తే చాలు, సైగ చేస్తే చాలు, మర్చిపోయావురా అని చెప్తే చాలు, వాడే పరుగున వెళ్ళి ఆపేస్తాడు అనుకుంది గుడ్లక్క. పిలవడానికి నోరు తెరిచింది.

పాప వంగింది. ఎడమ చెయ్యి కమ్మీ మీద వేసింది. కుడి చెయ్యి నీళ్ళకి జానెడు దూరంలో ఉంది.

తమ్ముడు స్తంభం దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చి, పాపని వెనకనుంచి నడుము పట్టి లేపి, కమ్మీ వదిలించి, గుండెలకి అదుముకుని గుమ్మం వైపు నడిచాడు. మిగతావాళ్ళ వైపు తిరిగి చూడలేదు. గుడ్లక్క పక్కనుంచే వెళ్ళాడు. కళ్ళు కలిశాయి. మర్చిపోయినవాడి కళ్ళు కావవి. తొడుగుతో ముంచితే టెస్టరు వెలగదని ఆ రోజే వాడికి బాగా తెలుసు. నీళ్ళలోకి కరెంటు కారుతోందనీ, బ్రేకరు పడకుండా చేసింది తనేననీ, అంతా మొదటినుంచీ తెలుసు.

వెనకాల ఇంకా పదిహేడు చేతులు నీళ్ళ వైపు దిగుతున్నాయి.

గుడ్లక్క అరవలేదు. అరిస్తే పిల్లలు బెదిరి కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకుంటారని అప్పుడెలా తోచిందో ఆమెకి తర్వాత కూడా తెలియలేదు. గుమ్మం పక్కన గోడకి పెద్ద మీట ఉంది, శాల మొత్తానికీ కరెంటు ఆపేది అదే. దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి కిందికి లాగింది.

దీపాలు పోయాయి. పంపు గుర్రు ఆగింది. కానీ దీపాలు పోయే ముందు, కనురెప్పపాటు ముందు, ఎవరో చిన్నగా "అబ్బా" అన్నారు. పైన గాజు కిటికీల్లోంచి వచ్చే గుడ్డి వెలుతురులో చూస్తే, కళ్ళజోడు పిల్ల నేల మీద చతికిలబడి ఉంది. కళ్ళజోడు ఎక్కడో పడింది. కుడి చెయ్యి ముందుకి చాచి, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు దాన్నే చూస్తోంది. టీచరు మోకాళ్ళ మీద కూలబడి ఆ చెయ్యి రుద్దుతోంది. "ఊపిరి తీసుకో తల్లీ, ఊపిరి తీసుకో." చాలాసేపటికి, లేదా చాలాసేపనిపించిన తర్వాత, ఆ పిల్ల గట్టిగా ఊపిరి పీల్చుకుని ఏడుపు లంకించుకుంది. ఏ ఏడుపు విన్నా గుడ్లక్కకి అంత ప్రాణం లేచిరాలేదు.

మేనేజరు "ఏమైంది, ఎవరు ఆపారు?" అని అడుగుతున్నాడు. పిల్లలు కమ్మీ వదిలి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడ్డారు. పంపులన్నీ ఆగిన ఆ శాలలో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో, గుమ్మం దగ్గర, తమ్ముడి చంకలో ఉన్న పాప గొంతు అందరికీ వినపడింది. కోపం లేదు ఆ గొంతులో, అర్థంకాక అడిగింది అంతే.

"మామయ్యా, నన్నొక్కదాన్నే ఎందుకు ఎత్తుకున్నావు?"

టీచరు రుద్దుతున్న చెయ్యి ఆపి తలెత్తింది. ముందు వాడి వైపు చూసింది. తర్వాత గుడ్లక్క వైపు చూసింది, చాలాసేపు.